సంపు మూత నుంచి నిద్ర దాకా: తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఆరోగ్యం కోసం చేసుకోవాల్సిన మార్పులు, వరుసగా

తిరుపతిలో రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో ఓపీ చీటీ పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్లలో చాలామందికి జబ్బు ఆ వారం మొదలైంది కాదు. బీపీ ఏళ్ల కిందటే పెరిగి ఉంటుంది, ఎవరూ చూసుకుని ఉండరు. డెంగీ జ్వరం తెచ్చిన దోమ ఆ ఇంటి మిద్దె మీదే పుట్టి ఉంటుంది. పిల్లాడి పళ్ల మీద గోధుమరంగు చారలు తాగిన బోరు నీళ్లతో వచ్చి ఉంటాయి. మందులు డాక్టర్లు ఇస్తారు. కానీ నీళ్లు, పొగ, ఉప్పు, నూనె, నిద్ర ఇవన్నీ మన చేతుల్లో ఉన్న సంగతులు.

ఈ మార్గదర్శిలో కావాలనే ఒక వరుస పెట్టాను. ఒక్కసారి చేస్తే ఏళ్లపాటు పనిచేసేవి ముందు, రోజూ మనసు పెట్టి చేయాల్సినవి తర్వాత. మామూలుగా మనం దీన్ని తిరగేసి చేస్తాం. జనవరి ఒకటిన వాకింగ్ మొదలుపెడతాం, సంక్రాంతికి పిండివంటలు రాగానే మానేస్తాం. పగిలిన సంపు మూత మాత్రం అలాగే ఉండిపోతుంది. మూత మార్చడానికి ఒక్క పూట చాలు, దానికి పట్టుదల అక్కర్లేదు. అందుకే అక్కడి నుంచి మొదలుపెడదాం. ఒక్కో అడుగుకు ఒక వారం తీసుకోండి, తొందరేమీ లేదు.

అడుగు 1: ముందు కొలతలు రాసిపెట్టుకోండి

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని ఇంట్లో పెద్దవాళ్లందరి పేర్లూ రాయండి. ఒక్కొక్కరికీ మూడు కొలతలు కావాలి.

ఒకటి, నడుము. ప్యాంటు బెల్టు దగ్గర కాదు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలాక టేపు చుట్టి చూడాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరిగినట్టే. మనవాళ్లలో చేతులు, కాళ్లు సన్నగానే ఉండి పొట్ట ఒక్కటే ముందుకు రావడం ఎక్కువ. అందుకే బరువు ఒక్కటి చూసి సరిపెట్టుకోవద్దు.

రెండు, బీపీ. కొలిచే ముందు అరగంట కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. రెండుసార్లు చూసి రాయండి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకంటే ఎక్కువే వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం ప్రమాదం. చాలామందికి బీపీ ఏ బాధా పెట్టకుండానే కిడ్నీలను, గుండెను దెబ్బతీస్తుంది.

మూడు, పరగడుపున షుగరు. 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 మధ్య ఉంటే అది హెచ్చరిక, ఇప్పుడు జాగ్రత్తపడితే వెనక్కి తెచ్చుకోవచ్చు. 126 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మరోసారి పరీక్ష చేయించి డాక్టర్‌ను కలవాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరుతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తొలి పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మన ఇళ్లలో ఆడవాళ్లు తమ పరీక్షలను ఎప్పుడూ వెనక్కి నెడుతుంటారు. ఈసారి వాళ్ల పేరే మొదట రాయండి.

అదే పుస్తకంలో ఇంకో పేజీ కూడా పెట్టండి: ఉప్పు ప్యాకెట్, నూనె డబ్బా విప్పిన తేదీలు రాయడానికి. ఎందుకో ఆరో అడుగులో తెలుస్తుంది.

అడుగు 2: మీ నీళ్లు ఎక్కడివో తెలుసుకోండి

తిరుపతిలో ఒకే ఇంటికి మూడు రకాల నీళ్లు రావచ్చు. కళ్యాణి డ్యామ్ నుంచో తెలుగుగంగ నుంచో వచ్చే కార్పొరేషన్ కుళాయి నీళ్లు, ఇంటి బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు. చాలా ఇళ్లలో ఇవన్నీ ఒకే సంపులో కలుస్తాయి. చిత్తూరు వైపు బోర్ల మీద, ట్యాంకర్ల మీద ఆధారపడే ఇళ్లు ఎన్నో. నీళ్లలో ఏముందో తెలియకుండా దుకాణదారు చెప్పిన ఫిల్టర్ కొనడం డబ్బు దండగ.

ముందు పరీక్ష చేయించండి. కార్పొరేషన్‌కో, పల్లెల్లో అయితే గ్రామీణ నీటి సరఫరా విభాగానికో చెందిన ల్యాబ్‌లో అడగవచ్చు. కరిగిన లవణాలు (టీడీఎస్), ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా, ఈ నాలుగూ చూడమనండి. తాగేనీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ 1 లోపు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. నైట్రేట్ 45 దాటకూడదు. ఇ.కోలై బ్యాక్టీరియా అసలు ఉండకూడదు.

ఫలితాన్ని బట్టి చేయాల్సింది మారుతుంది. బ్యాక్టీరియా ఉంటే మరిగించడం చాలు. నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం ఉంటే సరిపోతుంది. కానీ ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న నీళ్లను మరిగిస్తే ఆవిరి పోయి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నైట్రేట్‌కూ అంతే. రాయలసీమలో లోతు బోర్లు వాడే ఇళ్లు ఈ ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువైన చోట ఆర్ఓ యంత్రమో, ఫ్లోరైడ్ కోసమే చేసిన ఫిల్టరో, లేదా తాగడానికి, వంటకు మాత్రం వేరే నీళ్లో వాడాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు శాశ్వత దంతాలు లోపల తయారయ్యే వయసు కాబట్టి వాళ్ల విషయంలో ఆలస్యం చేయొద్దు. ఫ్లోరైడ్, నైట్రేట్ తక్కువగా ఉండి టీడీఎస్ 500 లోపు ఉంటే ఆర్ఓ అవసరం చాలా ఇళ్లకు లేదు. మంచి నీళ్లను ఆర్ఓలో పోసి సగానికి పైగా మోరీలో పారబోయడం మన కరువు సీమకు తగదు.

స్టీలు గ్లాసు అడుగున, కుళాయి మూతి చుట్టూ తెల్లగా గార పడుతుంటే అది కాల్షియం, మెగ్నీషియం లవణాలు. చూడ్డానికి బాగుండదు గానీ, గార నీళ్లే కిడ్నీలో రాళ్లు తెస్తాయనడానికి బలమైన ఆధారం లేదు. ఎండలో తిరిగి నీళ్లు తక్కువ తాగడం, ఉప్పు ఎక్కువ తినడం రాళ్లకు అంతకంటే పెద్ద కారణాలు.

ఇక ట్యాంకు శుభ్రం. ఆరు నెలలకొకసారి, వానలకు ముందు ఒకసారి తప్పకుండా చేయండి. నీళ్లన్నీ వదిలేసి, అడుగున పేరుకున్న బురద ఎత్తిపోసి, గోడలను బ్రష్షుతో రుద్ది, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు నింపి అరగంట ఉంచాలి. ఆ నీళ్లనే ఇంట్లో కుళాయిలన్నీ తిప్పి వదిలితే పైపులు కూడా శుభ్రపడతాయి. తర్వాత మంచి నీళ్లతో కడిగేయండి. సంపులోకి దిగేవాళ్లు ఒంటరిగా దిగకూడదు. దిగే ముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, పైన ఒకరు ఉండాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో ఎన్నో కాలనీలు మునిగాయి. అలా వీధి నీళ్లు సంపులోకి వచ్చాయంటే ఈ పని మొత్తం చేసేదాకా ఆ నీళ్లు తాగొద్దు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండేలా చూసుకోండి.

ఇరవై లీటర్ల క్యాన్లు కొనేవాళ్లకు ఒక్క మాట. క్యాను ఎండలో పెట్టొద్దు, లోపల పాచి పడుతుంది. క్యాను తిరగేసి పెట్టే కుండనూ దాని కుళాయినీ వారానికొకసారి కడగండి.

అడుగు 3: దోమను పుట్టకముందే ఆపండి

ఫ్రిజ్ వెనక్కి వంగి టార్చి వేసి చూడండి. కంప్రెసర్ మీద అరచెయ్యి వెడల్పు ప్లాస్టిక్ ట్రే ఉంటుంది. దాంట్లో వేలెడు లోతు నీళ్లు, పైన దుమ్ము తెట్టు. వెలుగు పడగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగుతుంటే అవి దోమ పిల్లలే. ఈ ట్రే సంగతి చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు.

డెంగీ తెచ్చే ఈడిస్ దోమకు మురుగు కాదు, తేటగా నిలిచిన నీళ్లే కావాలి. అందుకే మోరీలో మందు కొట్టినంత మాత్రాన డెంగీ తగ్గదు. గుడ్డు నుంచి ఎగిరే దోమ అయ్యేందుకు వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి నీళ్లన్నీ ఒలకబోస్తే ఆ వరుస తెగిపోతుంది. ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రైడే పాటించమనేది ఇందుకే. అయితే ఒలకబోయడం ఒక్కటే చాలదు. ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అతికించి పెడుతుంది. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి ఉంటాయి. మళ్లీ నీళ్లు పోయగానే పిల్లలవుతాయి. డ్రమ్ము లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దితేనే పని పూర్తయినట్టు.

మన ఇళ్లలో చూడాల్సిన చోట్లు: మిద్దె మీది ట్యాంకు మూత, ట్యాంకు పొంగి నీళ్లు పోయే పైపు మూతి (దానికి నైలాన్ వల కట్టండి), కూలర్ తొట్టి, పూలకుండీ కింది పళ్లెం, పశువుల తొట్టి, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, మనీప్లాంట్ సీసా, రుబ్బడం మానేసి పెరట్లో పడేసిన రోలు. రోలు గుంతలో వాన నీళ్లు నిలిస్తే ఎవరికీ కనపడవు. దాన్ని బోర్లించండి, కుదరకపోతే ఇసుకతో నింపండి.

ఈ దోమ ఎక్కువ దూరం ఎగరదు, మామూలుగా వంద, రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. అంటే మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టిందన్నమాట. అందుకే ఇది ఒక్క ఇంటి పని కాదు. వీధిలో పదిళ్ల వాళ్లు ఒకే రోజున చేస్తే ఫలితం కనిపిస్తుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ, ఆ నెలల్లో ఒక్క వారం కూడా వదలొద్దు. ఈడిస్ పగటిపూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. పగలు నిద్రపోయే పసిపిల్లలకు కూడా దోమతెర వేయండి. ఖర్చు పెట్టగలిగితే కిటికీలకు మెష్ కొట్టించండి. ఒక్కసారి పెట్టిన డబ్బుతో ఏళ్లపాటు కాయిల్స్ కొనే పని తప్పుతుంది.

అడుగు 4: ఇంట్లో పొగ తగ్గించండి

కాయిల్ అనగానే చెప్పాలి: మూసిన గదిలో ఒక్క దోమల కాయిల్ మొత్తం కాలితే వచ్చే సన్నటి ధూళి, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు పడుకునే గదిలో రాత్రంతా కాయిల్ వెలిగించడం ఇవాళే ఆపేయండి.

అగరుబత్తీలు, సాంబ్రాణి కూడా పొగే. దేవుడి ముందు వెలిగించడం మనకు మనసుకు సంబంధించిన విషయం, మానేయమని అనను. పూజ గది తలుపు, కిటికీ తెరిచి ఉంచండి. గుత్తి బదులు ఒక్కటి వెలిగించండి. ఇంట్లో ఉబ్బసం పిల్లలు ఉంటే నూనె దీపం చాలు, స్వామికి అదీ ఇష్టమే.

వంటింట్లో తాలింపు ఘాటుకు దగ్గుతూ వంట చేయడం మామూలైపోయింది. పొయ్యికి ఎదురుగానో పైనో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, వంట అయ్యాక కూడా పది నిమిషాలు తిరగనివ్వండి. కట్టెల పొయ్యి మీద స్నానానికి నీళ్లు కాచే ఇళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నాయి. ఆ పొయ్యి ఆరుబయట ఉండాలి, పొగ వంటింట్లోకి తిరిగి రాకూడదు. వీధిలో ఎండుటాకులతో పాటు ప్లాస్టిక్ కవర్లు కాల్చే అలవాటును ఇరుగుపొరుగుతో మాట్లాడి మాన్పించండి. దాని నుంచి వచ్చే విషవాయువులు ముందుగా చేరేది కాల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లోకే.

అడుగు 5: వేసవికి ఇంటిని సిద్ధం చేయండి

మార్చిలోనే చేయాల్సిన పని ఇది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. మిద్దె మీద పగలంతా దాచుకున్న వేడి రాత్రి గదిలోకి దిగుతుంది. పైకప్పుకు తెల్ల సున్నమో కూల్‌రూఫ్ పెయింటో వేస్తే కింది గదిలో కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. పడమటి కిటికీలకు బయటి వైపు తడికెలు కట్టండి. కర్టెన్ లోపల వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.

గది 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను ఒంటికి వేడి గాలినే కొడుతుంది. అప్పుడు తడి తువ్వాలు ఒంటి మీద వేసుకుని ఫ్యాను కింద కూర్చోవాలి. రాగి అంబలి, పల్చటి మజ్జిగ మన పెద్దలు ఊరికే అలవాటు చేయలేదు. వాంతులు, విరేచనాలు అయితే మజ్జిగతో ఆగకండి, ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చి దాని మీద రాసినన్ని నీళ్లలో కలపండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ స్పూను అంచుకు సమంగా కొలిచి వేయాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

అడుగు 6: వంటిల్లు

ఇక్కడి నుంచి రోజూ చేసేవి. మొదటి అడుగులో ఉప్పు ప్యాకెట్ తేదీ రాయమన్నాను గుర్తుందా? లెక్క ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, దాదాపు ఒక టీస్పూను. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. మీ ఇంట్లో అది 25 రోజులకే అయిపోతుంటే ఇంటిల్లిపాదీ రెట్టింపు ఉప్పు తింటున్నట్టు. పైగా దీంట్లో అంగడి నుంచి వచ్చే ఊరగాయ, అప్పడం, మిక్చర్, చిప్స్‌ల ఉప్పు లేదు.

నూనెకూ అంతే. మనిషికి నెలకు అరలీటరు మించకూడదు, నలుగురికి రెండు లీటర్లు. గానుగ నూనె మంచిదని చెప్పి చేతికొచ్చినంత పోసే ఇళ్లు చూస్తున్నాను. గానుగ ఆడించినా, ప్యాకెట్‌లో వచ్చినా నూనె నూనే. కొవ్వు గ్రాముకు 9 క్యాలరీలు ఇచ్చి తీరుతుంది. సీసా నుంచి నేరుగా పోయడం మానేసి ఆ రోజుకు సరిపడా గిన్నెలో కొలిచి పెట్టుకోండి. ఆ గిన్నెతోనే మూడు పూటలూ వంట ముగించాలి.

బయటి నూనె గురించి ఇంకా జాగ్రత్త కావాలి. సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడి బాణలిలోకి చూడండి. నూనె ముదురు గోధుమరంగుకు తిరిగి, అంచుల్లో జిగట కట్టి, నురగ తగ్గకుండా ఉందంటే అది చాలాసార్లు కాగిన నూనె. వాడిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే పారేయాలని ఆహార భద్రతా నియమం ఉంది. ఆ లెక్క మనం బండి దగ్గర తేల్చలేం, రంగూ నురగా చూసి వెనక్కి తిరగగలం. ఇంట్లో పూరీలు చేసిన నూనెను వడగట్టి, రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడేయండి, మళ్లీ వేపుడుకు పెట్టొద్దు.

ఇప్పుడు కంచం. సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, మాంసం లాంటివి. మిగతా పావు అన్నమో సంగటో. ఇలా చెబితే మన ఊళ్లలో మొదటి రోజు ఎవరూ ఒప్పుకోరు, అన్నం కొండంత ఉండాల్సిందే. అందుకే అన్నం తగ్గించడం కంటే ముందు కూర పెంచండి. కూర నిండుగా ఉంటే రెండోసారి అన్నం పెట్టుకోవాలనిపించదు.

రాగి సంగటి మన సీమ గర్వం. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యం దరిదాపుల్లో కూడా రాదు. కానీ సంగటి తింటే షుగరు పెరగదన్న మాట నమ్మొద్దు. సంగట్లో బియ్యం నూకలు కూడా ఉంటాయి, ముద్ద పెద్దదైతే షుగరు పెరుగుతుంది. షుగరు ఉన్నవాళ్లు ఒక చిన్న ముద్దకు ఆగి, దానికి తోడు పప్పుకూర, ఆకుకూర ఎక్కువ పెట్టుకోవాలి. ఊరిబిండి రుచిగా ఉంటుంది, చెనక్కాయలు మంచివే, కాకపోతే దాంట్లో ఉప్పూ కారం చూసుకోండి.

మాంసకృత్తులకు మనకు లోటు లేదు. చలికాలంలో అనపకాయలు రాగానే పితికిపప్పు చేసుకునే అదృష్టం ఈ జిల్లాలది. ఉలవలు, అలసందలు, పెసలు వారంలో నాలుగు రోజులైనా ఉండేలా చూడండి. పెరట్లో మునగచెట్టు ఉంటే ఆకును వదలొద్దు.

బెల్లం గురించి. మన వైపు బెల్లం ఎక్కువ, అందుకే బెల్లం కాఫీ షుగరుకు మంచిదనే మాట కూడా ఎక్కువ. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్నా, రక్తంలో చక్కెరను అది కూడా పెంచుతుంది. షుగరు ఉన్నవాళ్లకు రెండూ ఒకటే. శ్రీవారి లడ్డూ వస్తే వద్దనం. ఇంటిల్లిపాదికీ, పక్కింటికీ పంచి, చిన్న ముక్క కళ్లకద్దుకుని తినండి. డబ్బాలో దాచుకుని రోజూ టీతో పాటు తినడం మాత్రం వద్దు.

మామిడి కాలంలో కాయ అంతా ఒకే రకం పసుపు తిరిగి, తొడిమ దగ్గర వాసన లేకుండా ఉంటే అనుమానించండి. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది, ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడాన్ని పరిమితిలో అనుమతించింది. మనకు తోటలు దగ్గరే కాబట్టి, కాస్త దోరగా ఉన్నవి తెచ్చి ఇంట్లో గడ్డిలో మాగబెట్టుకోవడం అన్నిటికంటే నమ్మకమైన దారి. ఏ కాయైనా కుళాయి కింద రుద్ది కడిగి కోయండి.

హోటల్ నుంచి సాంబారు తెచ్చుకునేటప్పుడు స్టీలు క్యారియర్ తీసుకెళ్లండి. పొగలు కక్కే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవద్దు.

అడుగు 7: నడక

పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలి. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. వారానికి రెండు రోజులు కండరాలకు పని కూడా ఉండాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం అరవై దాటినవాళ్లకు మంచి వ్యాయామం. పడిపోకుండా కాపాడేది తొడల బలమే.

ఎక్కడ నడవాలన్నది కూడా ముఖ్యం. బస్సులు, జీపులు పోయే బైపాస్ పక్కన నడిస్తే పొగ పీల్చడమే అవుతుంది. తిరుపతి వాళ్లకు యూనివర్సిటీ ప్రాంగణాలు, మైదానాలు ఉన్నాయి. చిత్తూరు వాళ్లు హైవే వదిలి లోపలి వీధులు, కాలేజీ మైదానాలు ఎంచుకోండి.

అలిపిరి మెట్లు మన ఊరికి దక్కిన వరం, కానీ అది మొదటి రోజు చేసే వ్యాయామం కాదు. దాదాపు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి దూరం తక్కువ, రెండు కిలోమీటర్ల చిల్లర, 2,388 మెట్లు, కానీ నిటారు. మొక్కు ఉన్నవాళ్లు కనీసం రెండు నెలల ముందు నుంచి రోజూ నడవడం, ఇంటి మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకోండి. గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మెట్ల దారి పట్టొద్దు. ఎక్కేటప్పుడు గుండెకు, దిగేటప్పుడు మోకాళ్లకు భారం. మోకాలి నొప్పి ఉంటే దిగడానికి బస్సు ఎక్కండి, పుణ్యం తగ్గదు.

అడుగు 8: నిద్ర, మోత

పెద్దవాళ్లకు రోజుకు ఏడు గంటల నిద్ర కావాలి. యాత్రికుల ఊరు కాబట్టి తిరుపతిలో రాత్రంతా రద్దీ ఉంటుంది. రోడ్డు వైపు గది హాలుగా పెట్టుకుని, వెనక గదిలో పడుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని నియమం ఉంది. ఇళ్లున్న చోట రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. ముసలివాళ్లు, పరీక్షలు రాసే పిల్లలు ఉన్నారని నిర్వాహకులతో ముందుగా నెమ్మదిగా మాట్లాడండి, వినకపోతే 112కు ఫోన్ చేయవచ్చు.

ఫోను చార్జర్‌ను పడకగదిలోంచి హాల్లోకి మార్చండి. ఇదొక్కటి చేస్తే మిగతా సలహాలు సగం అక్కర్లేదు.

రేణిగుంట, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, ఘాట్ రోడ్డు డ్రైవర్లు పగలు పడుకోవాలి. కిటికీకి నల్లటి మందపాటి గుడ్డ కట్టండి, ఆ గంటల్లో కాలింగ్ బెల్ ఆపేయండి. షిఫ్టు చివరి నాలుగైదు గంటల్లో టీ వద్దు. అర్ధరాత్రి పెద్ద భోజనం కాకుండా ముందే తిని, మధ్యలో పండో, ఉడికించిన శనగలో తినండి. ఇంట్లోవాళ్లు వాళ్ల నిద్రను సోమరితనంగా చూడకపోవడం చాలా ముఖ్యం.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఏ పని మీదా మనసు లేకపోయినా, టెన్షన్‌తో గుండె దడదడలాడుతున్నా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అడుగు 9: పొగాకు

బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ ఏదైనా తగ్గించడం కాదు, మానేయడమే దారి. ఒంటరిగా మానలేకపోతే అది బలహీనత కాదు, నికోటిన్ పని అది. పొగాకు మానేందుకు సాయపడే 1800112356 నంబరుకు ఫోన్ చేస్తే సలహా ఇస్తారు, మందులు కూడా ఉన్నాయి. మానేదాకా ఇంట్లో, కారులో కాల్చొద్దు. బాల్కనీలో కాల్చినా పొగ లోపలికే వస్తుంది.

అడుగు 10: మూడు నెలలకు మళ్లీ పుస్తకం తెరవండి

నడుము, బీపీ, షుగరు మళ్లీ కొలిచి పాత అంకెల పక్కన రాయండి. ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులు వచ్చిందో చూడండి. మారకపోతే పదీ ఒకేసారి పట్టుకోకుండా, ఒక్క అడుగు ఎంచుకుని మళ్లీ చేయండి. అంకెలు బాగుపడ్డాయని బీపీ, షుగరు మాత్రలు సొంతంగా మానేయొద్దు. తగ్గించాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

పుస్తకం చివరి పేజీలో ఇవి పెద్ద అక్షరాలతో రాసి, ఫ్రిజ్ మీద కూడా అతికించండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే గ్యాసని సోడా తాగి కూర్చోవద్దు, వెంటనే 108. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి కాబట్టి, లక్షణం మొదలైన సమయం రాసుకుని బయల్దేరండి. డెంగీ జ్వరంలో పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వేయొద్దు. జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే, అర్ధరాత్రయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.